ఎండీ గారు పేజీ బయటికి చూశారు

"అన్నాచెల్లెళ్లిద్దరూ కలిసి ఆడుతున్న నాటకం ఇది. ఫొటోలు కొట్టేసి మా పోటీ కంపెనీకి అమ్ముకోవాలని మీ ప్లాను. సాయంత్రంలోగా మీ అన్నయ్య ఎక్కడ దాక్కున్నాడో చెప్పకపోతే నిన్ను పోలీసులకి అప్పగిస్తాను. రైట్?"

మేం డిజైన్ స్టూడియో మెట్లు ఎక్కుతుంటే ఈ మాటలు మెట్లు దిగి మాకు ఎదురొచ్చాయి. గొంతు ఎవరిదో చెప్పక్కర్లేదు. వాక్యం చివర చుక్క పెట్టాల్సిన చోట 'రైట్' పెట్టే మనిషి నాకు తెలిసి ఒక్కడే. ఒకప్పుడు మా వదినకి పోటీగా డిటెక్టివ్ ఆఫీసు నడిపాడు. వచ్చే కేసులకన్నా వేసిన కుర్చీలు ఎక్కువైపోయి దాన్ని మూసేశాడు. ఇప్పుడు బట్టల రంగులు తయారుచేసే ఒక పెద్ద కంపెనీకి సెక్యూరిటీ హెడ్డు. అందరూ రైటుగారు అంటారు. పాపిడి కుడివైపు, వాచీ కుడిచేతికి, మాట ఎప్పుడూ రైటు. రాంగు అనేది ఎదుటివాళ్ల వాటా.

ఇక మా వదిన. పేరుకే వదిన, పట్టిందేదీ వదలదు. మా అన్నయ్యకి భార్య, నాకు బాసు, ఊరందరికీ డిటెక్టివ్. కారు నడపడం, సంచీ మొయ్యడం, మధ్యమధ్య జోకులెయ్యడం నా ఉద్యోగం. మొదటి రెండు పనులకీ జీతం ఇస్తుంది. మూడోది మానేస్తే బోనస్ ఇస్తానంది. నేనే ఒప్పుకోలేదు.

వదిన లోపలికి వెళ్తూనే అంది. "ఏమయ్యా రైటూ, అమ్మాయి మీద అరిస్తే అన్నయ్య దొరుకుతాడా?"

"ఓహో, మీరా మేడమ్! తప్పిపోయిన పిల్లుల్ని వెతికే వాళ్లకి కార్పొరేట్ కేసులెందుకండీ?"

"పిల్లిని వెతకడమే కష్టమయ్యా. అది అబద్ధం చెప్పదు. మనుషులైతే ఏదో ఒకటి చెప్పి దొరికిపోతారు."

రైటుగారు కుడిచేతి వాచీ చూసుకున్నాడు.

బల్ల వెనక నిలబడ్డ అమ్మాయి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఈ స్టూడియో ఆమెదే. ఉదయం వదినకి ఫోన్ చేసింది కూడా ఆమే. రంగుల కంపెనీ తాను పర్యావరణాన్ని ఎంత బాగా కాపాడుతోందో చెప్పుకోవడానికి ఒక బ్రోచరు వేయించుకుంటోంది. సస్టెయినబిలిటీ బ్రోచరు. డిజైను చెల్లెలిది, ఫొటోలు అన్నయ్యవి. ఆ అన్నయ్య నిన్న మధ్యాహ్నం ఫ్యాక్టరీలో ఫొటోలు తీసి పంపాడు. ఆ తర్వాత మనిషి లేడు, కెమెరా లేదు, ఫోన్ పలకదు.

"రంగుల కంపెనీకి సస్టెయినబిలిటీనా? ఆ మాటలోనే స్టెయిన్ ఉందే!" అన్నాను నేను.

ఎవరూ నవ్వలేదు. నేను నవ్వి, నా డ్యూటీ నేను పూర్తి చేసుకున్నాను.

"వాళ్ల అన్నయ్య మా ఫ్యాక్టరీ చెరువు పక్కనున్న పంపుగదిలోకి వెళ్లాడని ఈ అమ్మాయి ఫొటో చూపించి చెప్పింది. నేనే స్వయంగా వెళ్లి తలుపు తీసి చూశాను. చీపురు తప్ప ఏమీ లేదు. అబద్ధమని తేలిపోయింది కాబట్టి కంప్యూటర్ స్వాధీనం చేసుకున్నాను. మా చెరువుని చూపిస్తూ మా పరువు తీద్దామనుకున్నారు. సాయంత్రం దాకా టైమిచ్చాను. రైట్!" అని రైటుగారు కుడివైపు తిరిగి వెళ్లిపోయాడు. తలుపు కూడా అటువైపే ఉండటం ఆయన అదృష్టం.

అమ్మాయి కుర్చీలో కూలబడింది. "నిన్నట్నుంచీ వాడు ఏం తిన్నాడో, అసలు ఉన్నాడో... నాకు ఈ పని వద్దు, పేరు వద్దు. మా అన్నయ్య కావాలి మేడమ్. అంతే."

"దొరుకుతాడు. ముందు నువ్వు చేసిన పని చూపించమ్మా," అంది వదిన.

"కంప్యూటర్ తీసుకెళ్లిపోయారుగా. ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఇక మిగిలింది అచ్చుకి ముందు సరిచూసుకోవడానికి తీసి గోడకి గుచ్చిన ఈ ప్రూఫులే."

"నాకు కావలసిందీ ప్రూఫే," అంది వదిన. జోకులు నా శాఖ. ఆవిడ అందులో వేలు పెట్టినందుకు కొంచెం నొచ్చుకున్నాను.

వదిన గోడ దగ్గర నిలబడి ఒక్కో పేజీనీ తాపీగా చూసింది. తెల్లటి కాగితం మీద ఆకు ఈనెలు సన్నటి పచ్చ గీతలుగా పాకి, మాటలకి చోటిచ్చి పక్కకి తప్పుకుంటున్నాయి. గొంతెత్తకుండా పని చేయించుకునే ఇల్లాలిలా ఉంది ఆ పేజీ.

"ఇంత ఖాళీ వదిలావేం?"

"వాళ్లు అంచుల దాకా పచ్చరంగు పొయ్యమన్నారు మేడమ్. పచ్చదనం గురించి చెప్పడానికి డబ్బాలకొద్దీ సిరా పోస్తే ఎలా? అందుకే గీతలతో సరిపెట్టాను. కాగితం పాత కాగితాల గుజ్జుతో చేసింది. సైజు కూడా పెద్ద షీటులో ముక్క వృథా కాకుండా పెట్టాను."

"కంపెనీ చెప్పుకుంటున్నది నువ్వు చేసి చూపించావన్నమాట," అంది వదిన. ఆవిడ నోట మెచ్చుకోలు రావడం ఎంత అరుదో ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్న నాకు తెలుసు. "కంపెనీది పచ్చి అబద్ధమో నిజమో తర్వాత చూద్దాం. నీ పచ్చదనం మాత్రం నిజం."

తర్వాత ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. రెండు పేజీలు విప్పి పరిస్తే ఎడమ పేజీ నిండా ఫొటో, కుడి పేజీలో మాటలు. ఫొటోలో చెరువు గట్టు మీద కంపెనీ ఎండీ గారు కోటు వేసుకుని, చేతిలో మొక్క పట్టుకుని, కుడి పేజీలోని తన గొప్పలు తానే చదువుకుంటున్నట్టు అటు చూస్తూ నవ్వుతున్నారు. ఆయన వెనక ఫొటోకి కుడి చివర ఎర్ర తలుపుతో ఒక చిన్న గది.

"మీ అన్నయ్య ఆఖరిసారి ఫోన్లో ఏమన్నాడు? ఒక్క మాట కూడా పోకుండా చెప్పు."

"'ఎండీ వెనకాల చివర్న గది ఉంది చూడు, దాని తలుపు కింద నుంచి ఊదారంగు నీళ్లొస్తున్నాయి. అదేంటో చూసొస్తా' అన్నాడు. 'ఆ ఊదా మరకా? ఎప్పుడో చెరిపేశా' అన్నాను. 'నీది రాక్షసి చెయ్యే బాబూ' అని నవ్వాడు. అంతే."

"ఎందుకు చెరిపావు?"

"ఫొటోలో చెత్త కనిపిస్తే చెయ్యి ఊరుకోదు మేడమ్. కాగితం ముక్క, కరెంటు తీగ, మొహం మీద మొటిమ, ఏదున్నా అది పోతుంది. ఆలోచించను కూడా."

"చెయ్యి ఊరుకోదు," అని ఆ మాటని వదిన మళ్లీ తనలో అనుకుంది. ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరికి వంగింది. "మీ ఎండీ గారిది ఎడమచేతి వాటమా?"

"కాదే. నా ఎదురుగానే కుడిచేత్తో సంతకాలు పెట్టారు."

"మరి వాచీ కుడిచేతికి ఉందేం?"

"అందులో వింతేముంది వదినా? మన రైటుగారికీ కుడిచేతికేగా!" అన్నాను.

వదిన తల తిప్పి నన్ను చూసింది. జోకు వెయ్యకుండా నేనన్న మాటని ఆవిడ అంత శ్రద్ధగా వినడం అదే మొదలు. "వాచీ సరే. కోటు పైజేబు? దాన్ని కుడివైపు కుట్టే దర్జీ ఎక్కడున్నాడు?"

సంచీలోంచి చిన్న అద్దం తీసి ఫొటో పక్కన పట్టుకుంది. నేను తొంగి చూశాను. అద్దంలో వాచీ ఎడమచేతికి వెళ్లిపోయింది, జేబు గుండె మీదికి చేరింది. ఎర్ర తలుపు గది ఫొటో ఎడమ చివరికి పోయింది. అద్దంలో చూస్తే గానీ అర్థం కాలేదు నాకు.

అమ్మాయి చెయ్యి నోటి మీదికి వెళ్లింది. "తిప్పేశాను! అయ్యో... ఎడమని కుడి చేసేశాను!"

"ఎందుకు తిప్పావమ్మా?"

"ఎండీ గారు పేజీ బయటికి చూస్తున్నారు మేడమ్. పేజీలో మనిషి ఎప్పుడూ లోపలికి, మాటల వైపు చూడాలి. బయటికి చూస్తే చదివేవాడి చూపు కూడా ఆయన వెంట పేజీ దాటి వెళ్లిపోతుంది. మా అన్నయ్యతో రోజూ ఇదే గొడవ. వాడికి వెలుగు బాగుంటే చాలు, మొహం ఎటున్నా తీసేస్తాడు. నేను తిప్పుకుంటూ చస్తాను."

"మరి ఈ సంగతి రైటుగారికి చెప్పలేదేం?" అన్నాను.

"అలవాటైన పని గుర్తుంటేగా బాబాయ్ గారూ! మేడమ్ ఇందాక కళ్లజోడు సర్దుకున్నారు. ఎన్నిసార్లో అడగండి, చెప్పగలరేమో."

వదిన చెయ్యి అప్పటికే కళ్లజోడు మీద ఉంది. చటుక్కున తీసేసింది. ఆ అమ్మాయిని చూసి నవ్వింది. ఇంతవరకూ ఆవిడని నవ్వించింది నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి.

"చెరువుకి రెండు వైపులా గదులున్నాయా?"

"ఉన్నాయి మేడమ్. అన్నయ్య ఫొటో తీసిన గేటు దగ్గర నిలబడితే కుడి చివర ఒకటి, ఎడమ చివర ఒకటి. రెండూ కవలల్లా ఉంటాయి."

"అయితే రైటు వెతికింది కుడిది. మీ అన్నయ్య వెళ్లింది ఎడమది. పద." బయల్దేరబోయిన వదిన ఆగి, అమ్మాయి చెవిలో ఏదో చెప్పింది. అమ్మాయి తెల్లబోయి చూసినా, మారుమాట్లాడకుండా ఫోన్ తీసింది.

"నమస్తే సార్. మీ ఫొటోలో చిన్న పొరపాటు జరిగింది సార్. మీ వాచీ, జేబు తిరగబడ్డాయి... అవును సార్, ఆ పేజీయే... మళ్లీ తీయాలి. చెరువు దగ్గరే, ఎడమ గది ముందు... వీలైనంత తొందరగా వస్తే వెలుగు బాగుంటుంది సార్."

ఫోనులోంచి ఎండీ గారి గొంతు నాక్కూడా వినిపించింది. "బ్లూ కోటు వేసుకోనా, గ్రే కోటా?"

అన్నయ్య కనపడక పిల్ల ఏడుస్తుంటే ఈ ఫొటోల గొడవేమిటో నాకు అర్థం కాలేదు. వదిన్ని అడిగాను. "నువ్వు కారు నడుపు," అంది. జీతమొచ్చే పని కాబట్టి నడిపాను.

గేటు దగ్గర రైటుగారే నిలబడి ఉన్నాడు. కుడి గదికి తీసుకెళ్లి తలుపు బార్లా తీశాడు. చీపురు నిజంగానే ఉంది. నేల పొడి పొడిగా ఉంది. మూలన సాలీడు పిల్లాపాపలతో స్థిరపడిపోయింది. ఈ కంపెనీలో సుస్థిరత అంటూ ఉంటే అదొక్కటే.

"చూశారుగా మేడమ్? ఇక క్షమాపణ చెప్పి వెళ్తారా?"

"ఆ రెండోది కూడా చూసి చెప్తానయ్యా."

ఆయన చూపు చెరువు మీదుగా ఎడమ చివరికి వెళ్లి, కాలినట్టు వెనక్కొచ్చింది. "ఆ పాతదా? మూసేసి ఏళ్లయింది. తాళంచెవి ఎప్పుడో పోయింది. అందులో ఎలక్కూడా ఉండదు."

"ఉంటే?"

"ఉంటే నా వాచీ మీకిచ్చేస్తా. వెతుక్కోండి. నాకు ఆఫీసులో మీటింగుంది. రైట్!"

వాచీ మీద కుడిచెయ్యి... కాదు, కుడిచేతి వాచీ మీద ఎడమచెయ్యి వేసి తట్టి వెళ్లిపోయాడు. ఆయన్ని వర్ణించబోతే నాకే కుడిఎడమలు తప్పుతున్నాయి.

ఎడమ గదికి వెళ్లాం. తలుపు రంగు పెచ్చులూడిపోయింది. గడియకి తుప్పు పట్టింది. గడప పక్కన గడ్డి మాడి, అంచులు ఊదారంగుకి తిరిగాయి. తాళం మాత్రం నిగనిగలాడుతోంది. వదిన వేలితో తాకి చూపించింది. వేలికి నూనె అంటింది.

"చెవి పోయిన తాళానికి నూనె ఎవరు రాశారంటావు మరిదీ?"

"చెవిపోటుకి మందేమో వదినా."

"అన్నయ్యా!" అని అమ్మాయి తలుపు మీద రెండు చేతులతో బాదింది. లోపల్నుంచి ముందు దగ్గు వినపడింది. తర్వాత మెల్లిగా, తడబడుతూ తిరిగి రెండు దెబ్బలు.

ఆ చప్పుడికి నా జోకులన్నీ ఎగిరిపోయాయి. నేను భుజంతో తలుపుని గుద్దబోయాను. వదిన ఆపింది. "ఇది బయటికి తెరుచుకునే తలుపు. నువ్వు గుద్దితే ఇంకా బిగుస్తుంది. గడియ మరలు విప్పాలి. ఏదైనా ఉందా?"

అమ్మాయి సంచీలోంచి స్టీలు స్కేలు తీసింది. వెంట్రుకవాసి తేడా లేకుండా గీతలు గీయడానికి వాడే స్కేలు అది. దాని మూలని మర గాడిలో పెట్టి తిప్పింది. ఆమె కన్నీళ్లు ఆగట్లేదు, చెయ్యి మాత్రం వణకట్లేదు. ఒక్కో మరా ఊడి కింద పడుతోంది. పనిమంతురాలంటే ఎలా ఉంటుందో నేను ఆ రోజు చూశాను. గడియ తాళంతో సహా వేలాడిపోయింది.

లోపల గుప్పున ఘాటు కొట్టింది. గోడ పొడుగునా డ్రమ్ములు, నేల మీద ఊదారంగు బురద. ఆ మూల ఎత్తయిన సిమెంటు దిమ్మ మీద నుదురు చిట్లిన కుర్రాడు ముడుచుకుని కూర్చున్నాడు.

"ఏంటే ఇంత లేటు?" అన్నాడు.

"ఎండీని బయటికి చూస్తుండగా ఎందుకు తీశావురా వెధవా!" అని వెళ్లి వాటేసుకుంది.

"ఇప్పుడా ఆ గొడవ?"

"ఇప్పుడే! అదే లేకపోతే నిన్ననే దొరికేవాడివి."

వాడు నవ్వబోయి దగ్గాడు. వదిన నీళ్లసీసా ఇచ్చి, తాగేదాకా ఆగింది. "చెప్పు నాయనా, ఏం చూశావు?"

"ఈ డ్రమ్ములు శుద్ధి కేంద్రానికి వెళ్లాల్సినవండీ. దూరం తీసుకెళ్లే ఖర్చు ఎవరో జేబులో వేసుకుని, ఇక్కడే వొంపేస్తున్నారు. తలుపు తీసి ఉంటే వచ్చి ఫొటో తీశాను. వెనక నుంచి తోశారు. దిమ్మకి తల కొట్టుకుంది. కెమెరా, ఫోను లాక్కున్నారు. మొహం చూడలేదు. చెయ్యి మాత్రం చూశాను." ఇంకో గుక్క తాగాడు. "కుడిచెయ్యి. దానికి వాచీ ఉంది."

నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. అప్పటికే ఆలస్యమైంది. తలుపు దభాలున మూసుకుంది. బయట పెద్ద డ్రమ్ము గరగరా దొర్లుకుంటూ వచ్చి తలుపుకి అడ్డంగా ఆగింది. తర్వాత ఒకే ఒక్క మాట వినిపించింది, చాలా మెల్లిగా.

"రైట్."

పైకప్పు పక్కనున్న గొట్టం గుడగుడలాడింది. ఊదారంగు నీళ్లు దబదబా నేల మీద పడ్డాయి.

"వాల్వు బయటుందండీ," అన్నాడు కుర్రాడు. "నిన్న కూడా తిప్పాడు. కాసేపటికి ఆపాడు. ఇవాళ ఆపడు."

నా చెప్పులు మునిగాయి. నేను వెళ్లి తలుపుని తోశాను. నా బరువు మీద నాకు జీవితంలో మొదటిసారి నమ్మకం కలిగింది కానీ, డ్రమ్ముకి కలగలేదు. "వదినా! వాడు నిజంగానే పొరపాటున కుడి గది వెతికాడనుకున్నానే!"

వదిన చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని, దిమ్మ ఎక్కి అమ్మాయి పక్కన కూర్చుంది. బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టుంది ఆవిడ వాలకం.

"ఫొటో తిరగబడిందని నాకు తెలియాలంటే అద్దం కావాలి మరిదీ. నేనీ చెరువుని ఎప్పుడూ చూడలేదు. ఏళ్ల తరబడి రోజూ ఈ గట్టు మీద తిరిగేవాడికి అద్దం ఎందుకు? చూడగానే తెలుస్తుంది. తెలిసీ కుడి గదికి వెళ్లాడంటే ఎడమ గదిలో ఏముందో కూడా తెలుసన్నమాట. ఈ అమ్మాయి చెయ్యి తెలియక తప్పు చేసింది. వాడు ఆ తప్పు వెనక దాక్కున్నాడు."

"ఇదంతా నీకు స్టూడియోలోనే తెలుసా?"

"వాచీ మాటెత్తి నాకు రైటుని గుర్తుచేసింది నువ్వేగా."

ఆ క్షణంలో మా వదినకి చెయ్యెత్తి దణ్ణం పెడదామనుకున్నాను. చేతులు తలుపుని తోస్తున్నాయి కాబట్టి కుదరలేదు. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి.

"తెలిసి కూడా ఈ బోనులోకి ఎందుకొచ్చాం తల్లీ?"

"వాడొచ్చి తన చేత్తో తలుపు మూయాలి కదా. అది చూసేవాళ్లు కూడా ఉండాలి. కాస్త ఊపిరి పీల్చుకో."

బయట కార్లు ఆగిన చప్పుడు. ఒకటి కాదు, మూడో నాలుగో. తలుపులు టపటపా తెరుచుకున్నాయి. బోలెడు బూట్లు గట్టు మీదికొచ్చాయి.

"ఏమయ్యా సెక్యూరిటీ, ఆ వాల్వు మీద నీ చెయ్యెందుకుంది?" ఎండీ గారి గొంతు ఖంగుమంది. "ఇక్కడ ఫొటో తీస్తామన్నారు. గ్రే కోటే వేసుకొచ్చాను. డిజైనరమ్మాయి ఏది? నేను ఎటు చూడాలి?"

గట్టు మీద ఎడమవైపుకి రైటుగారి పరుగు చప్పుడు, దాని వెనకే "పట్టుకోండి" అనే కేకలు.

వదిన అమ్మాయి భుజం తట్టింది. "ఎటు చూడాలో నువ్వే చెప్పమ్మా. నీ పేజీ కదా."

డిజైనరమ్మాయి అన్నయ్య చెయ్యి వదలకుండానే గొంతు చించుకుని అరిచింది. "లోపలికి సార్! ఈసారి లోపలికి చూడండి!"

డ్రమ్ము దొర్లింది. తలుపు తెరుచుకుని నా మోకాళ్ల దాకా వచ్చిన ఊదా నీళ్లు ఆయన బూట్ల మీదికి ఉరికాయి. వెలుగులో ఎండీ గారి మొహం కనిపించింది. వాచీ ఎడమచేతికే ఉంది, జేబు గుండె మీదే ఉంది. అచ్చు బ్రోచర్లో ఉన్నట్టే లోపలికి చూస్తున్నారు.

నవ్వొక్కటే లేదు.